చిలుము

కంచరపాలెం పెరట్లో, దానిమ్మ వెనక
ఏడేళ్ళుగా బోర్లాపడి ఉన్న రాగి బాయిలర్.
లేవనెత్తితే గొట్టంలోంచి
ఒక తొండ, గుప్పెడు చీమలగుడ్లు,
ఆఖరిసారి కాల్చిన సరుగుడు బూడిద,
రాయిలా గడ్డకట్టి.

చింతపండుతో తోమాను.
మూడోనాటికి అరచేయంత రాగి బయటపడింది
అందులో నా ముక్కు, వంకరగా.

అడుగున చిల్లు.
షిప్‌యార్డులో ఓడల బాయిలర్లు విప్పిన కోదండం
పీటేసుక్కూర్చుని వేలితో తడిమాడు.
"చిలుము కాదమ్మా ఇది, బద్దకం.
బూడిద తియ్యకుండా వొదిలేసినారు.
తేమ పీల్చి తినేసినాది."
నేను దానిమ్మ పూతవైపు చూశాను.

మాటు పడింది. కారింది.
మళ్ళీ పడింది.

ఈ పొద్దున పొగ
గోడ దాటి రైలుపట్టాల మీదికి పోయింది.
నీళ్ళు కాసేపు గొణిగి
ఉన్నట్టుండి మాట కలిపాయి.
మొదటి చెంబు కోదండం కాళ్ళకే పోశాను,
వద్దంటూనే చాపాడు.

ఇక రోజూ బూడిద తియ్యాలి,
నెలకోసారి గొట్టం దులపాలి,
వానలకి ముందు కుళాయికి కొత్త వాచరు.
చేస్తావా అని అడిగాడు.
ఏమో.
సముద్రం ఇక్కడికి మూడు మైళ్ళు.
దాని గాలికి ఆదివారాలు లేవు.