బెల్‌క్రాంక్ దగ్గర

నారోమైన్‌లో జూలై తెల్లవారి.
హ్యాంగర్ తలుపు తోస్తే ఇనుము కూడా చలికి మూలిగింది.
క్లైవ్ హారిగన్ రాత్రే దించి వెళ్ళిన విమానం
రెండు సీట్లది, పసుపుది, నాకంటే పదేళ్ళు పెద్దది.
ముక్కు మీద టేపుతో అంటించిన చీటీ:
"తొంభై నాట్స్ దాటితే స్టిక్ వణుకుతోంది.
వణికేది అదో నేనో చూసి చెప్పు."

వణుకుకి సొంత ఊరుండదు. వెతకాలి.
టెగన్ రెక్క చివర నిలబడి
ఎయిలరాన్‌ని రెండు అరచేతుల మధ్య
పిచ్చుకని పట్టినట్టు పట్టుకుంది.
గట్టిగా కాదే, అన్నాను, కదలకుండా.
నేను సీట్లో కూర్చుని
స్టిక్‌ని వేలితో అటు నెట్టాను, ఇటు నెట్టాను.
కదిలింది.
అక్కడ రెక్కకి తెలియకుండా ఇక్కడ కదిలింది,
నా చిటికెనవేలి గోరంత.
ఆ గోరంత సందులోకి గాలి వేలు పెట్టిందంటే
రెక్కని జెండాలా కొట్టించగలదు.

ఆటోనగర్‌లో మా చిన్నమామయ్య
లారీ చక్రాన్ని రెండు చేతులా ఊపి
"ఆడుతోంది" అనేవాడు, అంతే.
ఆట అంటే అది కూడా అని అప్పుడే తెలిసింది:
కలిసి ఉండాల్సినవి
కలిసి ఉన్నట్టు నటించడం.

మధ్యలో పట్టుకో. మిగిలిన సగాన్ని మళ్ళీ సగం చెయ్యి.
ఈ పనికున్న శాస్త్రం ఇంతే.
సీటు కింద పలక విప్పాం,
ఇరవై రెండు మరలు, ఒకటి మొండికేసింది.
కేబుల్ పొడుగునా పాతబట్ట నడిపాను,
పోగు తెగితే బట్టని పట్టి లాగుతుంది. లాగలేదు.
కప్పీలు తిరిగాయి. ఒకదాని పక్కన
కందిరీగ కట్టి మరిచిపోయిన మట్టిగూడు.
బిగువు కొలిస్తే తక్కువే. కానీ చలి కదా,
అల్యూమినియం ఒళ్ళు ముడుచుకున్నంత
ఉక్కుతీగ ముడుచుకోదు,
ఎండెక్కితే దానంతటదే సర్దుకుంటుంది.
పొద్దుటి వదులుని చూసి తీర్పు చెప్పకూడదని
టెగన్‌కి చెబుతూ నాకూ చెప్పుకున్నాను.

ఇక రెక్క లోపల.
టెగన్ భుజం దాకా చెయ్యి దూర్చి
బెల్‌క్రాంక్‌ని బిగించి పట్టుకుంది.
ఊపాను. చప్పుడు లేదు.
ఇప్పుడు వదిలేసి అద్దంలో చూడు, అన్నాను.
టార్చి వెలుగులో, పళ్ళ డాక్టరు అద్దమంత అద్దంలో
తిరగాల్సింది
తిరిగే ముందు ఒకసారి పక్కకి ఒరుగుతోంది.
"బోల్టు!" అంది, పుట్టినరోజు కానుక విప్పినట్టు.

బయటికి తీస్తే నడుము దగ్గర అరిగింది.
కన్ను ఒప్పుకోదు. వేలు ఒప్పుకుంది.

పదింటికి క్లైవ్ వచ్చాడు.
దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు.
"అయితే ఇదన్నమాట. నేను కాదు."
ఎంత తేటపడిందో ఆ ముఖం!
నలభై ఏళ్ళు గోధుమ చేల మీద
వెన్నుల్ని తాకీ తాకనంత ఎత్తులో
మందు చల్లిన చేతులు.
బోల్టుని చొక్కా జేబులో వేసుకుని
టీలో చక్కెర కలిపాడు.
చెంచా కప్పు అంచుని కొడుతూనే ఉంది,
కలపడం అయిపోయాక కూడా.

టెగన్ నావైపు చూసింది.
నేను మరలు లెక్కపెడుతున్నాను.

"ఇలా ఊగడాన్ని మీ భాషలో ఏమంటారు?"
"వదులు," అన్నాను.
"వడులూ," పలికి చూసుకున్నాడు, నచ్చింది.
ఆ మాట ఇంకోలా పలికితే
చేతిలో ఉన్నదాన్ని ఏం చెయ్యమంటుందో
చెప్పలేదు.

లాగ్‌బుక్‌లో రాశాను:
కొత్త బోల్టు, కొత్త బుష్,
కేబుల్ బిగువు మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ చూశాం, సరిగ్గా ఉంది.
సంతకం పెట్టాక కింద ఒక గీత ఖాళీగా మిగిలింది.
పెన్ను అక్కడే కాసేపు నిలబడింది.

"మొదటి ఫ్లైట్‌కి నేనూ వస్తా," అన్నాను, "కుడి సీట్లో."
"చెక్ చెయ్యడానికా?"
"ఊఁ."
దేన్ని అని
అతను అడగలేదు.