ఆ సినిమా ఇల్లు

కొండ మీద ఇక నా ఇల్లొక్కటే.
మిగతావాళ్ళు కుతాయిసీకి దిగిపోయారు.
మూడేళ్ళ కింద కెమెరాలతో వచ్చినవాళ్ళు
జూలై ఎండలో కాగితపు మంచు కురిపించి,
దారి తప్పిన ఏడుగురిని
నా వంటింట్లో ఒక్కొక్కర్నే చంపి
అద్దె ఇచ్చి వెళ్ళారు.
ఆ బీట్‌రూట్ నెత్తురు
చెక్కల సందుల్లోంచి ఇంకా పోలేదు.
చీమలకు మాత్రం పండగైంది.

రాత్రి నిజంగానే ఒక కారు చిక్కింది.
లాంతరు పట్టుకుని గుమ్మంలోకొచ్చాను.
రెండో చేతిలో గొడ్డలి ఉందన్న సంగతి
తట్టనే లేదు, కట్టెలు కొడుతున్నానాయె.

"అదే ఇల్లు!" అన్నాడు కుర్రాడు.
కార్లో దూరి తలుపులు బిగించుకున్నారు.
నలుగురు. అందులో ఒక చిన్నపిల్ల.

రండర్రా, పొయ్యి మండుతోంది,
మాంసం రొట్టె కాలుతోంది, అని అరిచాను.
తరవాత గుర్తొచ్చింది,
సినిమాలో ముసలిదీ సరిగ్గా ఈ మాటలే అంటుంది.
రొట్టె బానెట్ మీద పెట్టొచ్చాను.

అర్ధరాత్రి దాటాక ఇంజను ఆగింది.
అప్పుడు భయమేసింది నాకు.
లే ఇయామ్జే, అనుకున్నాను.

ఉన్ని బొంతలు రెండు భుజాన వేసుకుని
మోకాళ్ళ లోతు మంచులో వెళ్ళి
అద్దం మీద వేళ్ళతో కొట్టాను.
లోపల కేకలు.
అద్దంలో నా మొహం నాకే కనిపించింది.
నిజమే, జడుసుకునేటట్టే ఉంది.

అరచేత్తో ఆవిరి తుడిచి
పిల్ల నన్ను చూసింది.
నోరు తెరిచి పళ్ళు చూపించాను, మూడే ఉన్నాయి.
నవ్వింది. నవ్వి
తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

వాళ్ళమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

నేను కదల్లేదు.