చీమూ నెత్తురూ

ఎర్రగుంట్ల దాటినాక
రోడ్డుకు అటూ ఇటూ నిలబెట్టిన నాపరాళ్ళు.
వాటిలో ఏదో ఒకదాని అంచు
హుసేనమ్మ చూపుడువేలి గోరు పక్కన
వెంట్రుకంత చీరింది.
ఎవరూ చూడలేదు. ఆమె కూడా.

చూసినవి లోపలున్నాయి.
చర్మం కిందే కాపురముండి
ఊరు దాటి ఎరగని కావలి కణాలు.
రాతిదుమ్ముతో పాటు దూరినదాన్ని తడిమి
ఇది మనది కాదు అనుకున్నాయి.
పేరడగలేదు, ఏ ఊరని అడగలేదు,
నెత్తురు కాలువకు మడవ తెరిచాయి.

వేలు ఎర్రబడింది. ఉబ్బింది. కాగింది.
రాత్రంతా గుండె దిగొచ్చి ఆ వేలిలో కొట్టుకుంది.
"సలుపుతాండాది" అని
పొద్దున్నే నిమ్మకాయకు బొక్క పెట్టి తొడుక్కొని
అట్లనే పనికొచ్చింది.

మేస్త్రీ ఓబులకొండయ్యకు
నిమ్మకాయను చూసి మొదట నవ్వొచ్చింది.
మధ్యాహ్నం పలక జారి పగిలినాక రాలేదు.
"చీమూ నెత్తురూ లేదా మీకు?
కూలి మాత్రం లెక్కబెట్టుకుంటారే!"

హుసేనమ్మ నిమ్మకాయ తీసి చూపించలేదు.
చూపించి ఉండాల్సిందని
మూడు రోజుల తర్వాత అనుకున్నది నేను,
సర్కారు ఆసుపత్రి ల్యాబులో
ఆమె చీమును గాజుపలక మీద పరిచి
ఊదారంగు పోసి
ఒంటికన్నుతో చూస్తూ.

ద్రాక్షగుత్తుల్లా క్రిములు, అక్కడక్కడ.
తక్కిందంతా మనవాళ్ళ శవాలే.
ఎముకల గనిలో పుట్టి
ఒక్కరోజు కూలికి దిగినవాళ్ళు.
నాళాల గోడ సందులో నడుం సన్నం చేసుకొని దూరి
దొరికినదాన్ని దొరికినట్టు మింగి,
మింగుడుపడని చోట
తమ లోపలి దారమంతా తామే బయటికి లాగి
వలేసి
ఆ వలలోనే పోయినవాళ్ళు.
ఏ మస్టరులోనూ పేరు లేదు.

శత్రువును గుర్తుపెట్టుకునేవాళ్ళు వేరే ఉన్నారు.
వారానికి వస్తారు,
ఆనవాళ్ళు రాసుకుంటారు, దాచుకుంటారు,
మళ్ళీ వస్తే వదలరు, నిజమే.
వాళ్ళొచ్చేదాకా ఆగితే వేలుండదు.

చీము కణాలు: లెక్కకు మించి.
అదే రాసి కాగితం చేతికిచ్చాను.
అటూ ఇటూ తిప్పింది.
"ఏమనుంది పాపా?"
"నీకు చీమూ నెత్తురూ ఉందని."

నవ్వుతుందనుకున్నా.
కట్టు కట్టిన వేలితోనే కాగితాన్ని బల్ల మీద ఆనించి
"ఆ మాట కింద ఎర్ర గీత కొట్టియ్యి" అంది.
"మా మేస్త్రీకి సదువొచ్చు."