గుర్రపు కాసుకు మేత

చెన్నై, టంకసాల వీధి.
పైన ట్యూబులైటు, కింద గీటురాయి, మధ్యలో నేను,
కాళాస్తి శెట్టిగారి తాకట్టు కొట్లో
ఇరవై రెండేళ్ళ గుమాస్తాని.

ఆడి తగ్గింపుల నెలలో ఒక కాసులపేరు వచ్చింది.
ముప్పై తొమ్మిది కాసులూ రాణి మొహాలే.
నలభయ్యవది మాత్రం
గుర్రం మీద కత్తెత్తిన ఒకాయన.
గీశాను.
పసుపుకొమ్ము అరగదీసినట్టు పడింది గీత,
రాగి వాసన లేదు.
తూకం నాలుగు గ్రాములకు గోరంత తక్కువ.
"మా అత్తకు వాళ్ళత్త ఇచ్చింది, గుర్రపు కాసంటాం"
అంది రంగమణి,
రసీదు మడిచి కళ్ళజోడు డబ్బాలో పెట్టుకుంటూ.

నుంగంబాక్కం డాక్టరు వరదన్‌కి పాత నాణేల పిచ్చి.
భూతద్దం పెట్టి ఊపిరి మరిచాడు.
ఫ్రాన్సుదట. ఆరువందల అరవై ఏళ్ళ నాటిదట.
యుద్ధంలో పట్టుబడ్డ రాజును విడిపించుకోడానికి
దేశాన్ని పిండి కొట్టించిన బంగారమట.
చెరలో కూర్చున్నవాడు
కాసు మీద మాత్రం దౌడు తీస్తున్నాడు!
దాని పేరుకు అర్థమే విడుదలట.
బాకీ పూర్తిగా తీరలేదు,
జామీను పెట్టిన కొడుకు పారిపోయాడు,
అప్పుడా రాజు తనంతట తానే వెళ్ళి
మళ్ళీ చెరలో కూర్చున్నాడట. అక్కడే పోయాడట.
శెట్టిగారు ఖాతా పుస్తకం మూసి
"అలాంటి గిరాకీ మనకొక్కడూ తగల్లేదే" అన్నారు.

డాక్టరు కాసును అంచుకు తిప్పాడు. మొహం మాడింది.
"కొక్కెం అతికారు! టంకం పెట్టి పాడుచేశారు,
సగం ధర పోయింది."
నేనేమీ అనలేదు.
టంకమంటే నాణెం, టంకమంటే అతుకు,
రెంటికీ ఒకటే మాటున్న భాషలో లెక్కలు రాసేవాణ్ణి.
ఆ అతుకే లేకుంటే
ఏనాడో మూసలో కరిగి ఎవరి ముక్కుపుడకో అయ్యేది.
"గడువు దాటితే కబురు చెయ్యి" అని
నంబరు రాసిన కాగితం గీటురాయి కింద పెట్టి వెళ్ళాడు.

గడువు ఎల్లుండనగా, వానలో
పూలకొట్టు మూసి వచ్చింది రంగమణి.
అసలు లేదు. వడ్డీ మాత్రం,
మల్లెవాసన పట్టిన తడి నోట్లు.
డాక్టరు చెప్పిన ధర చెప్పాను. రాజు కథ కూడా.
ఒకసారి చూపించమంది.
వేలితో గుర్రం వీపు నిమిరి
"మేత వేశాను, ఇంకో మూణ్ణెల్లు నిలబడు" అంది.

గొడుగు విప్పుతూ గుమ్మంలో ఆగింది.
"ఇంతకీ ఆ రాజు ఇల్లు చేరాడా?"

చేరాడన్నాను.
తర్వాతది చెప్పలేదు.