మునగని పరుపు

మా పేరంటాలు పెద్దమ్మ ఇంట్లో
గుడ్డకి చావు లేదు.
ఉద్యోగం మారుతుందంతే.

గళ్ళ దుప్పటి పదేళ్ళు మంచమ్మీద చేసి
నడుమ పలచబడితే
నిలువునా చీల్చి, అంచులు మధ్యకి తెచ్చి కుట్టింది.
ఇంకో నాలుగేళ్ళు.
తర్వాత మా తమ్ముడి ఉయ్యాల.
తర్వాత గుమ్మడి వడియాల కింద ఎండలో పడుకుంది,
ఈనిన గేదె వీపు మీద వాన కాచింది.
ఇంకేం మిగిలిందని నేను నవ్వితే
పేలికలు పేని బీరపాదుకి కట్టింది.
"తీగ మెడ కోసుకోకుండా
ఇంత మెత్తటి తాడు ఏ కొట్లో అమ్ముతారే?"

పరుపు దగ్గరే ఆగిపోయింది.

బులివీర్రాజు పెదనాన్న మూణ్ణెల్లు పడుకుని
అట్నుంచటే వెళ్ళిపోయిన పరుపు.
వీపు మేరకి పల్లం.
కుడిపక్క, మందు ఒలికిన మరక.
కర్మలైన మర్నాడు లంకంతా ఒకటే మాట:
గోదాట్లో వదిలెయ్యి, ఉంచకూడదు.
ఆవిడ అవునన్లేదు, కాదన్లేదు.
చుట్టి, సావిట్లో మూలకి నిలబెట్టింది.

ఆ శ్రావణంలో నీళ్ళు గడప దాటాయి.
తిరగలి కనపళ్ళేదు.
ఇత్తడి గుండిగ నిండి కూర్చుండిపోయింది.
బియ్యం డబ్బా పక్కకి ఒరిగి
గుడగుడమని ఏదో చెప్పి ఊరుకుంది.
మంచమ్మీద మంచమేసుకుని
లాంతరు పట్టుకుని చూస్తున్నాం మేం.
చీకట్లోంచి, తొందరేం లేకుండా,
గది మధ్యకి వచ్చింది
పడవ నడిపినవాడి పరుపు.
మీద, తడిసిన పిల్లి.

"గోదాట్లో వదలమన్నారుగా," అంది పెద్దమ్మ.
"గోదారే వచ్చింది. ఒద్దంది, చూడు."

బూరుగు దూది మునగదని
మాకు ఆ రాత్రి తెలిసింది.

నీళ్ళు తీశాక కుట్లు విప్పింది.
ఒండ్రు వాసన, దాని కింద అమృతాంజనం వాసన.
ఎగిరిపోకుండా పాత దోమతెర కప్పి
మూడు వారాలు కొబ్బరిచెట్ల సందున ఎండేసింది.
మా కనుబొమ్మల మీద, పచ్చడి జాడీ మూత మీద,
కోళ్ళ తోకల మీద కూడా దూదే.
మరక ఉన్న ముక్కని మాత్రం
కత్తిరించి ట్రంకు పెట్టెలో దాచుకుంది.
ఎందుకని నేనడగలేదు.

యూరియా బస్తాల లోపలి సంచుల్లో దూది కూరి
పైన పరుపుగుడ్డ తొడిగి
పెదనాన్న లుంగీలు చింపి నాడాలు కుట్టింది.
పదకొండు.
మా లంక నించి బడికి
పాయ దాటే పిల్లలు పదకొండుమంది.

చచ్చినోడి పరుపా, మా పిల్లల రొమ్ముకా?
రెండ్రోజులు రేవులో ఎవరూ ముట్టుకోలేదు.
పదకొండూ గట్టు మీద కూర్చున్నాయి
పంక్తికి పిలవని చుట్టాల్లాగ.
మూడోనాడు, ఇప్పుడు ఆ పడవ నడిపే ధనరాజు
ఏమీ అనకుండా ఒకటి తీసి
తన కూతురికే ముందు కట్టాడు.

ఇవాళ పొద్దున ఆ పిల్లే,
నాడా ఊడిందని ఏడుస్తూ వచ్చింది.
పెద్దమ్మ సూది నోట్లో పెట్టుకుని
దిండుని రెండు వైపులా తట్టింది.
ఒకపక్క దూది అణిగి పల్లమైంది.
అరచేత్తో మెల్లిగా ఎగదోసి, సర్ది,
మళ్ళీ తట్టింది,
ఎవరో పడుకోబోతున్నట్టు.