గట్టు కింద తడి

"పాస లేని గుంటక" అన్నాడు పెంచలనర్సయ్య
నా నారింజరంగు పెట్టెను చూసి.
"దున్నదు, గీరదు, దేనికమ్మా ఇది?"

వినడానికి, అన్నాను.

పొదలకూరు దాటి నాలుగు మైళ్లు,
నిమ్మతోటలో ఆరో సాలు.
ఆరింటికి డ్రిప్పు విప్పి
రెండు గంటలకోసారి అదే గీత మీద
అదే నడక.
మోటారుకి కరెంటు రాత్రే ఇస్తారు కనక
నాకూ రాత్రే ఉద్యోగం.

పెట్టె భూమిలోకి ఒక మాట విసురుతుంది.
పొడిమట్టిలో అది పరుగున పోయి వస్తుంది,
తడి తగిలితే ఆలస్యంగా,
బురదలో నడిచొచ్చిన మనిషిలా.
ఆ ఆలస్యమే నా లెక్క.
పోయినేడాది ఒక నల్లరేగడి చేలో
మూరెడు దిగి మరి తిరిగి రాలేదు.
ఇది ఎర్రనేల. మాట దాచుకోదు.

ఎనిమిదింటికి తెర మీద తడి జానెడు.
పదింటికి మూరెడు, వేళ్ల దాకా.
రాయి ఉన్నచోట గొడుగు విప్పినట్టు ఒక వంపు.
పన్నెండింటికి ఆయన ప్లాస్కులో టీ తెచ్చాడు,
బీడీ ముట్టించబోయి, మిషనుకి పొగ పడదేమోనని
మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

రెండింటికి గీత వంగింది.
కిందికి కాదు. పక్కకి.
లోపల గట్టిపొర ఒకటి తూర్పుకి వాలి ఉంది,
దాని మీదుగా జారి నీళ్లు
గట్టు కింద నుంచి
మస్తానయ్య తోటలోకి.

ఆ గట్టు సంగతి సాయంత్రమే చెప్పాడు:
మూడడుగుల కోసం పదకొండేళ్లు,
నెల్లూరు కోర్టు, ఇద్దరు వకీళ్లు, అమ్మిన రెండు గేదెలు.

తెర ఆయన వైపు తిప్పాను.
"ఎన్నేళ్ల నించి పోతా ఉండాది?"
అది మిషను చెప్పదు.
"ఎంత పోతా ఉండాది?"
ఒక మూడోవంతు ఉండొచ్చు, అన్నాను.

నవ్వాడో దగ్గాడో చీకట్లో తెలీలేదు.
"వాడి బోరు ఎండినేడు కూడా
వాడి చెట్లు కాసినాయి.
మందేదో పెట్టాడనుకున్నా."

నాలుగింటి నడకకి పిలవకుండానే వచ్చాడు.
తాడు తనే అందుకున్నాడు.
సాలు చివర గట్టు దగ్గర నేను ఆగాను,
నాకిచ్చిన కాగితం అక్కడిదాకే.
ఆయన ఆగలేదు.
పెట్టె గట్టెక్కి, ఒకసారి ఊగి, అవతలికి దిగింది.
తెర నా చేతిలో, మధ్యలో తీగ,
నేనూ దాటక తప్పలేదు.

"చూడమ్మా, ఎందాక పోయిందో."

అవతల షెడ్డులో ఎవరో లైటు వేశారు.
తాడు బిగువుగానే ఉంది.