అగ్గిపెట్టెంత పంటు

రాజోలు బస్టాండు వెనక సందులో నా కొట్టు.
మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు, చచ్చిన టీవీలు.
నర్సు సువార్తమ్మ ఆ పెట్టె పట్టుకొచ్చిన సాయంత్రం
ఎర్రనీళ్లు రేవు మెట్లు ఒక్కొక్కటే మింగుతున్నాయి.

"లంకలో కరెంటు పోయి మూడ్రోజులండి.
ఐసు లేదు, తెచ్చే నావా లేదు.
పదకొండు మంది ఇన్సులిన్
కుండలో తడిగుడ్డ చుట్టి పెట్టాను.
తెల్లారేసరికి ఇది చల్లబడాల."

విప్పాను.
కంప్రెసరు లేదు, గ్యాసు లేదు.
మాడిపోయిన ఒక పింగాణీ బిళ్ల, అగ్గిపెట్టెంత.
రెండు తీగలు, ఎరుపూ నలుపూ.
పక్కన, ఉప్పుగాలికి బిగుసుకుపోయిన చిన్న ఫ్యాను.

ఆ బిళ్ల లోపల నూట ఇరవయ్యేడు జతల గింజలుంటాయి.
ప్రతి జతలో ఒకటి ఎలక్ట్రాన్లు మిగిలింది,
ఒకటి ఎలక్ట్రాన్లు చాలనిది.
కలిగినింటికీ లేనింటికీ వియ్యం కుదిర్చినట్టు
రాగిముక్కతో కలిపి అతుకుతారు.
ఏం జరిగినా ఆ అతుకుల దగ్గరే.

మా నాన్న పంటు మీద సరంగు.
అందుకే నాకిది పుస్తకంలో కాదు, రేవులో అర్థమైంది.
చలి అనే సరుకు ఎక్కడా లేదు.
ఉన్నదల్లా వేడే.
కరెంటు పంటు, వేడి జనం.
ఇటు రేవున ఎక్కుతారు, అటు రేవున దిగుతారు.
ఖాళీ అయిన రేవుని మనం చల్లదనం అంటాం.
దిగినవాళ్లు దిగినట్టు ఊళ్లోకి పోవాలి,
అల్యూమినియం రెక్కల మీంచి, ఫ్యాను గాలిలో.
పోకపోతే ఆ తోపులాటకి పంటే తగలబడుతుంది.
ఈ పాత బిళ్లకి పట్టిన గతి అదే.

టార్చి నోట కరుచుకుని కొత్తది అతికించాను.
కొత్త ఫ్యాను. కొత్త వైర్లు.
కోడి కూసే వేళకి బైకు బ్యాటరీతో సహా
సువార్తమ్మ నావ ఎక్కింది.

మధ్యపాయ దాటాక ఫోను.
"బాబూ, నీ పెట్టెకి జ్వరమొచ్చింది."

ఎరుపుకి నలుపు, నలుపుకి ఎరుపు.
నిద్రకళ్లతో నేనే.
పంటు ఎదురు తిరిగింది,
జనమంతా మందుసీసాల మధ్య దిగింది.

ఆవిడ అరచెయ్యి పెట్టి చూసిందట.
నన్నడక్కుండానే తీగలు మార్చి,
మళ్లీ అరచెయ్యి పెట్టిందట.
"ఎంతసేపు వేడెక్కిందండీ?"
"ఓ కొబ్బరిబొండం తాగేంతసేపు.
పాడైపోవులే," అంది.
ఆ "లే" నాకు నమ్మకంగా వినపడలేదు.

ఆ రాత్రి కొట్లోనూ కరెంటు లేదు.
ఊరికే కూర్చోలేక ఇంకో బిళ్ల తీసి
కింద నీళ్లపళ్లెం, పైన స్టీలుగ్లాసులో పొగలుకక్కే టీ.
రెండు తీగల కొసన ఒక ఎర్రబల్బు, కందిగింజంత.
వెలిగింది!
రేవుకీ రేవుకీ మధ్య వాలుంటే
పంటు తనంతట తనే కదులుతుంది.
టీ తాగలేదు.
అది చల్లారేదాకా ఆ మిణుకు చూస్తూ
పదకొండు మందిని, చూడని మొహాల్ని, లెక్కపెట్టాను.

వారం పోయాక నీళ్లు తీశాయి.
పదకొండు మందీ ఉన్నారు. ఒకాయన
నా పెట్టెని బూతులు తిడుతున్నాడని కూడా కబురొచ్చింది.
అప్పుడు దిగింది అన్నం ముద్ద.

తర్వాత బాతుల చిట్టెబ్బాయి వచ్చాడు.
పొదిగే కోడిపెట్ట వరదలో పోయిందట,
గంపలో పద్ధెనిమిది బాతుగుడ్లు.
"నీ పెట్టె ఉడకబెడతాదంట కదా?"
లంక మొత్తం నవ్వుకున్న మాట అది.
ఆయ్, అన్నాను.

ఇంకో పెట్టె తీసి
ఎరుపుకి నలుపు, నలుపుకి ఎరుపు. ఈసారి కావాలనే.
ముప్పై ఏడున్నర దగ్గర ఆగేలా ఓ థర్మోస్టాటు,
మూలన తడిగుడ్డ.
ఇరవై ఎనిమిదో రోజున లోపల్నుంచి గోకుడు.
పద్ధెనిమిదిలో పదమూడు.
మిగతా ఐదూ ఎందుకు పలకలేదో
నాకూ తెలీదు, బిళ్లకీ తెలీదు.

ఇప్పటికీ నా దగ్గర మీటరుంది, పనిచేస్తుంది.
అయినా ఏ పెట్టె గుమ్మం దాటాలన్నా
మూత తీసి
ముందు అరచెయ్యి పెడతాను.